రంగం కథలు ఏమయ్యాయి?

మన వైపు, ముఖ్యంగా గోదావరి నుంచి శ్రీకాకుళం దాకా, మూడు నాలుగు తరాలు వెనక్కి వెళితే చాలా ఇళ్ళలో "రంగం వెళ్ళిన" మనిషి ఒకడు తగులుతాడు. రంగం అంటే రంగూన్. ఆయన గురించి ఇంట్లో వాళ్ళు చెప్పేది సాధారణంగా మూడు ముక్కలు: వెళ్ళాడు, డబ్బు పంపాడు, తిరిగొచ్చాడు (లేదా రాలేదు). ఆ మధ్య పాతికేళ్ళు ఎలా బతికాడు, ఎవరితో స్నేహం చేశాడు, దేనికి నవ్వాడు అంటే ఎవరి దగ్గరా సమాధానం ఉండదు.

1931 జనాభా లెక్కల ప్రకారం బర్మాలో తెలుగు మాట్లాడేవాళ్ళు సుమారు లక్షా అరవై వేలమంది. ఇప్పుడు మనం అమెరికా నుంచి రాసుకుంటున్న కథలు, కబుర్లు, ప్రయాణాలు, ఇంటి బెంగలు చూడండి. ఎన్ని పుస్తకాలు, ఎన్ని సంకలనాలు! మరి అంతమంది రంగం వాళ్ళు మనకి మిగిల్చింది ఏమిటి? "రంగూన్ రౌడీ" అని ఒక నాటకం, అదే పేరుతో 1979లో ఒక సినిమా, కొన్ని సామెతల్లాంటి మాటలు. మన సాహిత్యంలో రంగం ఎక్కువగా పాత్రలు వెళ్ళిపోయే చోటు, అంతేగాని పాత్రలు బతికే చోటు కాదు.

"పాపం, చదువులేని కూలివాళ్ళు, ఏం రాస్తారు?" అనేస్తే సరిపోతుంది. కానీ నాకు ఆ సమాధానం సగమే అనిపిస్తుంది. చదువురాని వాళ్ళ కథలు భద్రంగా మిగిలిన సందర్భాలు చాలా ఉన్నాయి. నా అనుమానం ఏమిటంటే, కథకి రాసేవాడూ చదివేవాడూ ఉంటే చాలదు. మధ్యలో ఇంకొకడు ఉండాలి. పుస్తకం అద్దెకిచ్చేవాడో, నలుగుర్నీ పోగేసేవాడో, చెప్తుంటే కూచుని రాసుకునేవాడో. మా వృత్తి భాషలో చెప్పాలంటే మిడిల్‌వేర్ అన్నమాట. అది ఉన్నంతసేపూ ఎవరికీ కనపడదు, లేకపోతే మాత్రం ఏదీ నడవదు. ఈ మాట చెప్పడానికి తన్లిన్ అనే ఊరు బాగా పనికొస్తుంది.

తన్లిన్ యాంగోన్‌కి ఎదురుగా, బగో నదికి అవతలి ఒడ్డున ఉంటుంది. 1993లో వంతెన వచ్చేదాకా పడవ దాటి వెళ్ళాల్సిందే. ఇంగ్లీషువాళ్ళు దీన్ని సిరియం అన్నారు. రంగూన్ ఇంకా పెద్ద ఊరు కానప్పుడు ఇదే ఆ తీరంలో అసలు రేవు. 1600 ప్రాంతంలో ఫిలిపె డి బ్రిటో అనే పోర్చుగీసు సాహసికుడు దీన్ని పట్టుకుని పదమూడేళ్ళపాటు చిన్నసైజు రాజులా ఏలాడు. 1613లో బర్మా రాజు అనౌక్‌పెట్లున్ కోట ముట్టడించి, గెలిచి, అతన్ని కొర్రు వేయించాడు.

ఆ రోజుల్లో డి బ్రిటోతో పాటు అదే కోటలో ప్రాణాలు పోగొట్టుకున్న ఇంకో మనిషి ఉన్నాడు. పేరు నట్‌షిన్‌నౌంగ్. టౌంగూ రాజు. పరాయివాళ్ళతో చేతులు కలిపాడనీ, మతం మార్చుకున్నాడనీ బర్మా చరిత్రలో అతనికి చెడ్డపేరే. కానీ బర్మా భాషలో "యదు" అనే పద్యప్రక్రియకి అతన్ని మించిన కవి లేడంటారు. తనకంటే వయసులో పెద్దదైన రాకుమారి రాజధాతుకల్యా మీద అతను రాసిన ప్రేమ పద్యాలు నాలుగు వందల ఏళ్ళ తరవాత కూడా చదువుతున్నారు. రాజ్యం పోయింది, పరువు పోయింది, ప్రాణం పోయింది. పద్యాలు మాత్రం ఎలా మిగిలాయి? అచ్చుయంత్రాలు లేని కాలంలో ఎవరో వాటిని తాటాకుల మీదా, మడత కాగితాల మీదా మళ్ళీ మళ్ళీ ఎత్తి రాసుకుంటూ పోయారు కాబట్టి. రాజు ద్రోహి అయినా పద్యం బాగుంది అనుకున్న పేరులేని రాతగాళ్ళు వాళ్ళు. తన్లిన్‌కి సంబంధించి మనకి తెలిసిన మొదటి "మధ్య మనిషి" వాళ్ళే.

ఇంకో నూరేళ్ళు దాటాక ఇదే ఊళ్ళో ఇటలీ నుంచి వచ్చిన బర్నబైట్ ఫాదరీలు కాపురం పెట్టారు. బిషప్ నెరిని 1750 ప్రాంతంలో కట్టించిన ఇటుకల చర్చి గోడలు ఇప్పటికీ తన్లిన్‌లో శిథిలాలుగా నిలబడి ఉన్నాయి. 1756లో అలౌంగ్‌ఫయా సిరియం మీద పడి ఊరిని నాశనం చేశాడు, బిషప్ కూడా ఆ గొడవలోనే హతుడయ్యాడు. రేవు అవతలి ఒడ్డుకి, అంటే అలౌంగ్‌ఫయా అంతకుముందే పేరుపెట్టిన రంగూన్‌కి మారిపోయింది. కానీ ఆ ఫాదరీలు నేర్చుకున్న అక్షరాలు వృథా కాలేదు. 1776లో రోమ్‌లో, పోత అక్షరాలతో బర్మా లిపిని అచ్చువేసిన తొలి పుస్తకం వచ్చింది. రాసింది అదే మిషన్‌కి చెందిన కర్పాని. అక్షరాలు గుండ్రంగా మనవాటిలాగే ఉంటాయి. అయితే ఆ పుస్తకం తన్లిన్ వాళ్ళ కోసం కాదు, తన్లిన్ వెళ్ళబోయే ఫాదరీల కోసం. లిపి అచ్చయింది గానీ చదువరులు పుట్టలేదు. సాంకేతికం ఒక్కటే వస్తే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

తరవాత మనవాళ్ళొచ్చారు.

గోదావరి ముఖద్వారం దగ్గరున్న కోరంగి రేవు నుంచి ముందుగా బయల్దేరినందుకు బర్మాలో తెలుగువాళ్ళందరికీ "కోరంగి" అనే పేరు స్థిరపడిపోయింది. కోరంగి రేవు పూడిపోయాక కాకినాడ, విశాఖపట్నం, భీమిలి, కళింగపట్నం నుంచి ఆవిరి ఓడలు. కూలీలని మేస్త్రీలు తీసుకెళ్ళేవాళ్ళు. ఊళ్ళో బయానా ఇచ్చి, ఓడ టిక్కెట్టు కొని, రంగూన్‌లో పనికి పెట్టి, ఆ అప్పు జీతంలోంచి వసూలు చేసుకునేవాళ్ళు. ఆ మేస్త్రీ పైన ఇంకో మేస్త్రీ, అతని పైన కంట్రాక్టరు. (ఈ ఏర్పాటు ఎక్కడో విన్నట్టుంది కదా? బాడీ షాపింగ్ మన కాలంలో మొదలైందని ఎవరన్నారు!) రేవులో బస్తాలు, బియ్యం మిల్లులు, రిక్షాలు, మునిసిపాలిటీ పాకీ పనులు. నదికి ఇవతల సిరియంలో బర్మా ఆయిల్ కంపెనీ వాళ్ళ పెద్ద రిఫైనరీ. పైన యెనాన్‌జౌంగ్ చమురు బావుల నుంచి 1908 ప్రాంతంలో పైపులైను వేసి ముడిచమురుని ఇక్కడికి తెచ్చేవాళ్ళు. ఆ చిమ్నీల కింద పనిచేసిన వాళ్ళలో మనవాళ్ళూ ఉన్నారు.

వీళ్ళు ఇంటికి ఏం రాసేవాళ్ళు? చాలామందికి రాయడం రాదు. డబ్బు పంపేటప్పుడు మనియార్డరు ఫారం కింద సందేశం కోసం చిన్న ముక్క ఒకటి ఉంటుంది, గుర్తుందా? పోస్టాఫీసు దగ్గరో, లాడ్జింగు గదిలోనో అక్షరం వచ్చినవాడు ఎవడో ఒకడు దానిమీద రెండు లైన్లు రాసిపెడితే, ఇక్కడ ఊళ్ళో పోస్టుమాను అది చదివి వినిపించేవాడు. చెప్పేది ఒకరు, రాసేది ఇంకొకరు, చదివేది మూడోవాడు, వినేది నాలుగో మనిషి. ఇంత దూరం నడిచి వచ్చేసరికి అందులో మిగిలేది క్షేమం, డబ్బు, పొలం తాకట్టు. మనసులో మాట మూడోవాడి నోట చెప్పించుకునేది కాదు కదా. ఆ ముక్క డబ్బు చేరిందని చెప్పడానికి ఏర్పడింది, కథ చేర్చడానికి కాదు.

అందుకని వాళ్ళ గురించి మనకి తెలిసినదంతా వేరేవాళ్ళు రాసిందే. రంగూన్‌లో భారతీయ కార్మికుల మీద ఆండ్రూ అనే అధికారి 1933లో పుస్తకం వేశాడు. రాయల్ కమిషన్ రిపోర్టు ఉంది, జనాభా లెక్కలున్నాయి. ఒక్కో గదిలో ఎంతమంది పడుకునేవాళ్ళో, ఒక్కో మేస్త్రీ ఎంత కోసుకునేవాడో అన్నీ దొరుకుతాయి. 1930 మే నెలలో రేవు కూలీలు, అంటే మన తెలుగువాళ్ళు, కూలి పెంచమని సమ్మె చేశారు. కంపెనీలు వాళ్ళ బదులు బర్మా వాళ్ళని పెట్టుకున్నాయి. సమ్మె పరిష్కారమయ్యాక 26వ తేదీన మనవాళ్ళని మళ్ళీ పనిలోకి తీసుకుని బర్మా వాళ్ళని పొమ్మన్నారు. అంతే, ఊరు రగిలిపోయింది. నూరుమందికి పైగా చనిపోయారు, ఎక్కువగా మనవాళ్ళే. ఆ రోజుల గురించి పోలీసుల మాట ఉంది, కంపెనీల మాట ఉంది, చరిత్రకారుల మాట ఉంది. తలుపు వేసుకుని లోపల కూర్చున్న కళింగపట్నం కుర్రాడి మాట ఒక్కటి చూపించండి!

ఇక ఇదే ఊళ్ళో, ఇవే సంవత్సరాల్లో ఇంకో సంగతి జరుగుతోంది. 1937 చివర్లో రంగూన్‌లో "నగాని" అనే పుస్తకాల క్లబ్బు మొదలైంది. నగాని అంటే ఎర్ర నాగం. అంతకు ముందు సంవత్సరమే లండన్‌లో గోలాంజ్ మొదలుపెట్టిన లెఫ్ట్ బుక్ క్లబ్ దీనికి నమూనా. మొదలుపెట్టినవాళ్ళలో తఖిన్ నూ, తఖిన్ తాన్ టున్ ఉన్నారు. మొదటాయన తరవాత స్వతంత్ర బర్మాకి తొలి ప్రధాని ఊ నూ అయ్యాడు, రెండో ఆయన కమ్యూనిస్టు నాయకుడై అడవిలోకి వెళ్ళాడు. పద్ధతి సింపుల్: చందా కడితే నెలనెలా చవక ధరలో పుస్తకం. మార్క్సు, ఐర్లండు పోరాటం ఒక పక్క, మనుషుల్ని మంచి చేసుకోవడం మీద డేల్ కార్నెగీ రాసిన పుస్తకం ఇంకో పక్క. ఆ రెండోదాన్ని బర్మా భాషలోకి తెచ్చింది సాక్షాత్తూ ఊ నూ గారే! క్లబ్బు పేరు మీద ఒక పాట గ్రామఫోన్ రికార్డుగా వచ్చి ఊరూరా మోగింది. యుద్ధం వచ్చేలోపు అరవై డెబ్భై పుస్తకాలు వేశారు.

ఇది వాళ్ళకి ఎలా సాధ్యమైంది? బర్మాలో ప్రతి ఊళ్ళోనూ బౌద్ధ విహారం ఉంటుంది, మగపిల్లలు అక్కడ అక్షరాలు నేర్చుకుంటారు. 1931 లెక్కల్లో బర్మా మగవాళ్ళలో సగానికి పైగా చదవగలిగినవాళ్ళు. మొత్తం ఇండియాలో ఆడా మగా కలిపి చూస్తే పదిమందికి ఒకరు కూడా లేరు. అంటే నగాని వాళ్ళు కొత్తగా చదువరుల్ని తయారుచెయ్యలేదు. శతాబ్దాలుగా తయారై ఉన్న చదువరులకి, కొత్తగా పుట్టిన రచయితలకి మధ్య తీగ లాగారు.

మనదగ్గర ఆ తీగ లాగేవాళ్ళు లేరని కాదు. 1914లోనే విజయవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. అయ్యంకి వెంకటరమణయ్య గారు జీవితమంతా దానికే ఇచ్చారు. 1935లో పాతూరి నాగభూషణం గారు కొల్లూరు – పెదవడ్లపూడి కాలువ మీద పుస్తకాలతో పడవ నడిపించారు. గట్టుమీద ఆపి, రైతులకి పుస్తకాలిచ్చి, పై వారం వచ్చి తీసుకునేవాళ్ళు. నాకు ఎప్పుడూ తోచేది ఇదే. గుంటూరు కాలువ మీద పడవలో పుస్తకాలు తిరుగుతున్న సంవత్సరాల్లోనే కళింగపట్నం నుంచి ఓడలో మనుషులు వెళ్తున్నారు. ఆ పడవా ఈ ఓడా ఒక రేవులో కలుసుకుని ఉంటే మనకి ఇవాళ రంగం సాహిత్యం అని ఒక అలమర ఉండేది.

కలుసుకోవడానికి టైము కూడా దొరకలేదు. 1942 మార్చి 7న రంగూన్ వదిలిపెట్టి పోతూ ఇంగ్లీషువాళ్ళు సిరియం రిఫైనరీని జపాను వాళ్ళకి దక్కకుండా తగలబెట్టారు. చమురు ట్యాంకుల పొగ ఆకాశమంతా కమ్మేసింది. సుమారు అయిదు లక్షల మంది భారతీయులు ఇండియా దారి పట్టారు, చాలామంది కొండలూ అడవులూ దాటి కాలినడకన. దారిలో పోయినవాళ్ళ లెక్క ఎవరూ సరిగ్గా వెయ్యలేదు. 1962లో సైన్యం అధికారంలోకొచ్చి, 1964కల్లా కొట్లూ వ్యాపారాలూ జాతీయం చేశాక ఇంకో మూడు లక్షల మంది వచ్చేశారు. విశాఖలో కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు అనే పేరు వాళ్ళ వల్ల వచ్చిందే. అక్కడే ఉండిపోయినవాళ్ళకి ప్రైవేటు బళ్ళు కూడా జాతీయం అయిపోయాక తెలుగు అక్షరం నేర్పే చోటు గుడి, లేకపోతే ఇల్లు.

అదే 1962 తరవాత బర్మా చదువరులకీ గడ్డురోజులే. అచ్చయ్యే ప్రతి అక్షరాన్నీ చూడ్డానికి సెన్సారు బోర్డు. నచ్చని వాక్యాల మీద సిరా పూయించేవాళ్ళు, నచ్చని కథని అచ్చయిన పత్రికలోంచి చింపించేవాళ్ళు. ఇది 2012 ఆగస్టు దాకా సాగింది. పుస్తకాలు ఖరీదు, కాగితం కరువు, లైబ్రరీలు అంతంతమాత్రం. అయినా యాంగోన్ పేటల్లో, చుట్టుపక్కల ఊళ్ళలో జనం చదువుతూనే ఉన్నారు. ఎలాగంటే, అద్దె పుస్తకాల కొట్లు. వీధికొకటి. ఒక్క కాపీ కొని, గట్టి అట్ట వేసి, రోజుకింత అని అద్దెకివ్వడం. వెయ్యి కాపీలు అచ్చయిన నవలకి చదివేవాళ్ళు దానికి ఎన్నో రెట్లు. ఏ రచయిత పుస్తకం ఎన్ని చేతులు మారిందో పబ్లిషరుకంటే కొట్టువాడికే బాగా తెలుసు.

ఇది చదువుతూ మీలో నలభై దాటినవాళ్ళు నవ్వుకుంటూ ఉంటారు. మన ఊళ్ళలోనూ ఇదే కదా! జ్యోతి మాసపత్రికలో యద్దనపూడి "సెక్రటరీ", ఆంధ్రభూమిలో యండమూరి సీరియళ్ళు, అందులో పేజీలు చింపి కుట్టించిన బైండు పుస్తకాలు, బస్టాండు పక్క సందులో అద్దె లైబ్రరీ, "అమ్మగారికి కొత్తది వచ్చిందని చెప్పు బాబూ" అనే ఓనరు. ఆ ఓనరు మన సాహిత్య చరిత్రలో ఎక్కడా లేడు. కానీ ఏ ఇంట్లో ఏది చదువుతారో తెలిసిన విమర్శకుడు అతనొక్కడే.

బర్మాలో దీనికి తోడు ఇంకొకటుంది. "సాపే హోప్యో ప్వే" అంటారు, సాహిత్య ప్రసంగాల జాతర అనుకోవచ్చు. వానలు వెళ్ళాక, చలికాలంలో, ఇద్దరు ముగ్గురు రచయితల్ని చిన్న ఊరికి పిలిపిస్తారు. వీధిలోనో విహారం ఆవరణలోనో స్టేజీ కడతారు. జనం చాపలు పరుచుకుని కూర్చుంటారు, మన హరికథకి కూర్చున్నట్టే. ఒక్కో రచయితా గంటకి తక్కువ కాకుండా మాట్లాడతాడు, కథలు చెప్తాడు, నవ్విస్తాడు. కాగితం మీద సిరా పూయొచ్చు గానీ నోటిమాట మీద పూయడం కష్టం. ఏ మాటకి రెండో అర్థం ఉందో చాప మీద కూర్చున్నవాళ్ళు ఇట్టే పట్టేస్తారు. అందుకే ప్రభుత్వాలు ఈ సభలకి పర్మిషన్లు ఇవ్వడానికి జంకేవి.

నాకు అన్నిటికంటే నచ్చిన బర్మా మధ్య మనిషి మాత్రం లూడు ఊ హ్లా. మాండలేలో "లూడు" (ప్రజలు అని అర్థం) పత్రిక సంపాదకుడు. 1953లో రాజద్రోహం కేసులో రంగూన్ జైల్లో పడి మూడేళ్ళకి పైగా ఉన్నాడు. ఊరికే కూర్చోలేదు. దొంగలు, జేబులు కొట్టేవాళ్ళు, పేద కుర్రాళ్ళు, తోటి ఖైదీల పక్కన కూర్చుని వాళ్ళ కథ వాళ్ళ మాటల్లోనే, "నేను" అంటూ చెప్పినట్టే రాసుకున్నాడు. పంజరంలో పిట్టలు అనే అర్థం వచ్చే పేరుతో వచ్చిన ఆ పుస్తకానికి యునెస్కో బహుమతి వచ్చింది. తరవాత దేశమంతా తిరిగి కొండజాతుల, రకరకాల ప్రజల జానపద కథలు నలభైకి పైగా సంపుటాలుగా పోగేశాడు. ఆయన రాతలో ఆయన గొంతు తక్కువ, ఎదుటివాడి గొంతు ఎక్కువ. ఆ ఖైదీల్లో చాలామంది రాయడం రానివాళ్ళే. "చదువులేనివాళ్ళు ఏం రాస్తారు" అనే ప్రశ్నకి ఆయన జీవితమే సమాధానం. వాళ్ళు రాయక్కర్లేదు. అడిగేవాడు ఒకడుంటే చాలు.

రంగం తెలుగువాళ్ళకి దొరకనిది అదే. వాళ్ళకి మేస్త్రీ దొరికాడు, ఏజెంటు దొరికాడు, లెక్కలు రాసుకునే దొర దొరికాడు. "ఏం నాయనా, నీ సంగతేమిటి?" అని అడిగి, రాసుకుని, తెచ్చి మన మధ్యలో పెట్టే ఊ హ్లా దొరకలేదు.

ఇప్పుడైనా చేయగలిగింది ఏమైనా ఉందా? కొంచెం ఉంది. 2014లో బర్మాలో సిమ్‌కార్డు ధర బాగా పడిపోయి ఒకటిన్నర డాలరుకొచ్చింది. తన్లిన్‌లో ఉండిపోయినవాళ్ళ మనవడు, కంచరపాలెం వచ్చేసినవాళ్ళ మనవరాలు ఒకరినొకరు ఫోన్లో చూసుకోగలిగే రోజులు వచ్చాయి. 2021 ఫిబ్రవరి సైనిక తిరుగుబాటు తరవాత ఆ దేశం మళ్ళీ యుద్ధంలో పడింది, రాకపోకలు కష్టమయ్యాయి. కానీ బర్మా క్యాంపుకి వెళ్ళడానికి వీసా అక్కర్లేదు. 1964లో పదేళ్ళ పిల్లగా ఓడ దిగినావిడకి ఇప్పుడు డెబ్భై దాటాయి. ఆవిడకి వాళ్ళ నాన్న చెప్పిన 1942 కూడా గుర్తుండే ఉంటుంది. ఇంకో పదేళ్ళు ఆగితే అడగడానికి మనం ఉంటాం, చెప్పడానికి ఆవిడ ఉండదు.

రాశాక ఎక్కడ పెట్టాలి అనే బెంగ కూడా అక్కర్లేదు. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో శ్రీకాకుళంలో కథానిలయం కట్టారు. ఆయన పెద్ద కథకుడు. అయినా తనకొచ్చిన అవార్డుల డబ్బుతో తన పుస్తకాలు వేసుకోలేదు. తెలుగు కథ ఏ మూల పత్రికలో వచ్చినా వెతికి తెచ్చి దాచే ఇల్లు కట్టారు. 2021లో ఆయన వెళ్ళిపోయారు, కథానిలయం ఉంది. రంగం ఓడ ఎక్కినవాళ్ళలో ఎంతోమంది ఆ జిల్లా మనుషులే. వాళ్ళు పోగొట్టుకున్న కథ చేరాల్సిన చోటు వాళ్ళ ఊరి బస్సు దిగితే నడిచి వెళ్ళేంత దూరంలోనే ఉంది.

కాబట్టి ఈసారి ఇంటికి ఫోన్ చేసినప్పుడు "తిన్నారా, పడుకున్నారా" అయ్యాక ఒక్క ప్రశ్న ఎక్కువ అడగండి. మన ఇంట్లో రంగం వెళ్ళిందెవరు? పేరు, ఊరు, ఏ పని, ఎవరితో వెళ్ళాడు, ఏం వండుకునేవాడు, తిరిగొచ్చాక రాత్రిపూట ఏ భాషలో కలవరించేవాడు? చెప్పింది చెప్పినట్టే రాసిపెట్టండి. భాష దిద్దకండి, నీతులు కలపకండి. మంచి కథ అవ్వాలని కూడా చూడకండి. కథ సంగతి తరవాతి వాళ్ళు చూసుకుంటారు. మనం మధ్య మనుషులం, మనకి అప్పజెప్పిన పని చేర్చడం వరకే.